ఆడుకున్నాం అంటే ఏం నేర్చుకున్నట్టు?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం పన్నెండున్నర వేళ ఏ నర్సరీ బడి గేటు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. పిల్లవాడి చెయ్యి అందుకుంటూనే తల్లి అడిగే మొదటి మాట, "ఇవాళ టీచరు ఏం చెప్పింది నాన్నా?" అని. "ఆడుకున్నాం" అంటాడు వాడు. "అది సరేరా, ఏం చెప్పారు?" "వంట ఆట ఆడుకున్నాం." అంతే, ఆ తల్లి ముఖం కాస్త చిన్నబోతుంది. ఇంటికి వెళ్ళాక పక్కింటి పాప నోటుబుక్కు నిండా అఆలు దిద్దుకొచ్చిందని తెలిసిందా, రాత్రి భోజనాల దగ్గర ఫీజు లెక్కలు బయటికొస్తాయి. ఇన్ని వేలు పోసి పంపేది ఆడుకోవడానికా, ఆటలు ఇంట్లో లేవూ అని.

ఆ ప్రశ్న న్యాయమైనదే. డబ్బు కట్టేవాళ్ళకు అడిగే హక్కు ఉంది. అయితే ఈ ప్రశ్నకు భయపడే చాలా బడులు ఆటల మూల ఎత్తేసి, మూడేళ్ళ పిల్లల చేతికి పెన్సిలు ఇచ్చి కూర్చోబెడుతున్నాయి. పేజీలు నిండుతాయి, తల్లిదండ్రులు సంతోషిస్తారు, పిల్లవాడి నోరు మాత్రం ఆ రెండు గంటలూ మూతపడి ఉంటుంది. ఆ వయసులో పిల్లవాడికి చేతిరాతకన్నా నోటిమాట ముందు రావాలి. తరగతి గదిలో ఆట ఆ పని ఎలా చేస్తుందో ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మూడేళ్ళకు బడికి వచ్చే పిల్లవాడు ఉత్త చేతులతో రాడు. తెలుగు మాట్లాడుతూనే వస్తాడు. కర్త, కర్మ, క్రియ వాడికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, వినీ వినీ పట్టేశాడు. కాని మన ఇళ్ళల్లో వాడితో మనం మాట్లాడే మాటలు ఒక్క రోజు లెక్కపెట్టి చూడండి. పాలు తాగు. చెప్పులేసుకో. అది ముట్టుకోకు. తొందరగా కానీ. సగానికి పైగా ఆజ్ఞలే. వాడు తిరిగి చెప్పవలసింది ఏమీ ఉండదు, చెయ్యడమే తరువాయి. పైగా తల్లికి బిడ్డ మనసు తెలుసు. వాడు అలమర వైపు చూసి "అది" అంటే బిస్కట్ల డబ్బా అని మనకు తెలిసిపోతుంది. మన ప్రేమే వాడికి మాట అక్కరలేకుండా చేస్తుందన్నమాట. బడిలో పక్కన కూర్చున్న నాలుగేళ్ళ పాపకు ఆ ఓపికా లేదు, ఆ ప్రేమా లేదు. "అది" అంటే ఏది అని అడుగుతుంది. అప్పుడు చెప్పక తప్పదు.

ఇక వంట ఆట ఆడుతున్న మూలకు వెళదాం. మన అమ్మమ్మలు గుజ్జెనగూళ్ళు అనేవారే, అదే ఇది. నాలుగు లక్కపిడతలో స్టీలు గిన్నెలో, కాసిని ఆకులు, కొంచెం ఇసుక. నలుగురు పిల్లలు. దగ్గరికి వెళ్ళి, మీరు వింటున్నట్టు వాళ్ళకు తెలియకుండా వినండి.

"నేను అమ్మనట. నువ్వు నాన్నవట. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టమని అడగాలి. నేను ఇంకా ఉడకలేదు అంటాను. అప్పుడు నీకు కోపం వచ్చిందట."

ఈ నాలుగు మాటల్లో ఎంత వ్యాకరణం ఉందో చూడండి. "వచ్చి, కడుక్కుని, అడగాలి" అని మూడు పనుల్ని వరసగా ఒకే వాక్యంలో గుచ్చింది. ఒకరు అన్న మాటను మరొకరికి అందించడం, "పెట్టమని" అన్నదే, అది చేసింది. ఇక ఆ చివర "అట" ఉంది చూశారూ, అది నాకు ఎప్పుడు విన్నా ముచ్చటేస్తుంది. పెద్దవాళ్ళు "అట" అంటే ఎవరో చెప్పగా విన్నాం అని అర్థం. పిల్లలు దాన్ని "ఇది నిజం కాదు, అయినా నిజమనుకుందాం" అనడానికి వాడుకుంటారు. కొన్ని ఇళ్ళల్లో "అంట" అంటారు, పని అదే. ఆ ఒక్క అక్షరంతో ఇసుక అన్నమవుతుంది, ఆకు అప్పడమవుతుంది.

రష్యాలో వైగాట్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1933లో ఆట గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లవాడు కర్రను కాళ్ళ మధ్య పెట్టుకుని గుర్రమని ఎక్కి ఊరేగుతాడే, దాన్ని పట్టుకుని ఆయన చాలా దూరం ఆలోచించాడు. అంతవరకు పిల్లవాడికి వస్తువు, దాని అర్థం అతుక్కుని ఉంటాయి. కంటికి కనిపించేదే వాడి లోకం. కర్ర గుర్రమైన క్షణంలో అర్థం వస్తువు నుంచి ఊడి వస్తుంది. భాష కూడా ఇలాంటిదే కదా! "గుర్రం" అనే మాటకు నాలుగు కాళ్ళు లేవు, తోక లేదు, అయినా అది గుర్రానికి బదులు నిలబడుతుంది. రేపు కాగితం మీద గీసే గీత ఆ మాటకు బదులు నిలబడాలి. ఒకదానికి బదులు మరొకటి నిలబడటం అనే ఈ సంగతి ఒంటబట్టని పిల్లవాడి చేత వందసార్లు "గ" దిద్దించినా, వాడికి అది ఒట్టి వంకర గీతే.

మళ్ళీ మన వంట మూలకు వద్దాం. ఇద్దరికీ అమ్మ వేషమే కావాలి. పేచీ మొదలైంది. ఇక్కడే తెలివైన టీచరు వెంటనే పరుగెత్తుకుంటూ రాదు. రెండు నిమిషాలు ఆగితే వాళ్ళే తేల్చుకుంటారు, "నువ్వు పిన్నివి అవ్వు, ఊరినుంచి వచ్చావట" అని. పిన్ని అంటే ఎవరు, అమ్మకేమవుతుంది అనే చర్చ కూడా వస్తుంది. నవ్వకండి, ఇది చిన్న విషయం కాదు. ఫ్లాటుల్లో పెరిగే మన పిల్లలకు లిఫ్టులో కనిపించే ఆడవాళ్ళందరూ ఆంటీలు, మగవాళ్ళందరూ అంకుళ్ళు. పిన్ని, అత్త, బాబాయి, మామయ్య, వదిన, మరదలు అని ఇన్ని వరసలు మన భాషలో ఉన్నాయని వాళ్ళకు తెలిసేది సంక్రాంతి సెలవుల్లోనూ, బొమ్మల పెళ్ళిళ్ళలోనూ.

మరో సంగతి. మన తెలుగులో "మనం" వేరు, "మేము" వేరు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. "మనం ఆడుకుందాం" అంటే నువ్వు కూడా రా అని. "మేము ఆడుకుంటాం" అంటే నీకు చోటు లేదు అని. ఆ తేడా బోర్డు మీద రాసి చెబితే మూడేళ్ళవాడికి తలకెక్కుతుందా? ఆటలోంచి ఒకసారి "మేము" అని బయటికి నెట్టించుకున్న పిల్లవాడు జన్మలో మరచిపోడు. మర్నాడు వాడే వచ్చి "మనం" అని మొదలుపెడతాడు.

అబ్బాయిలకు వంట ఆటలేమిటండీ అని కొందరు తండ్రులు గట్టిగా అభ్యంతరం చెబుతారు. వాళ్ళు సాయంత్రం కాఫీ తాగేటప్పుడు ఈ మాట అనడం నాకు వింతగా ఉంటుంది. అబ్బాయిలకూ నోరు ఉంది, కడుపు ఉంది. ఆడనివ్వండి.

పిల్లల్ని బొమ్మల మధ్య వదిలేసి టీచరు హాజరు పుస్తకం రాసుకుంటే చాలా అంటే, చాలదు. దీని మీద ఇజ్రాయెల్‌లో సారా స్మిలాన్‌స్కీ అనే విద్వాంసురాలు చేసిన పరిశోధన 1968లో పుస్తకంగా వచ్చింది. ఇలాంటి నటన ఆటలు పెద్దగా ఆడని వలస కుటుంబాల పిల్లల్ని ఆవిడ తీసుకుంది. కొందరికి ఆసుపత్రి, దుకాణం వంటివి చూపించి వాటి గురించి మాట్లాడారు. కొందరి ఆటలోకి టీచర్లే దిగి, ఆట ఎలా సాగదీయాలో అందించారు. మరికొందరికి రెండూ చేశారు. చూపించి, చెప్పి వదిలేసిన పిల్లల ఆటలో పెద్ద మార్పు రాలేదు. రెండూ అందిన పిల్లలు అందరికన్నా బాగా ముందుకు వెళ్ళారు, వాళ్ళ మాటలూ పెరిగాయి. అంటే కూరగాయల బజారుకు తీసుకువెళ్ళి రావడం ఒక్కటే చాలదు, వచ్చాక బజారు ఆట ఆడాలి, అందులో పెద్దవాళ్ళు ఒకరు బేరమాడాలి.

ఆ బేరం ఎలా ఉండాలంటే, టీచరు సంచి పట్టుకుని వస్తుంది. "ఏమండీ, బెండకాయలు లేతవేనా?" అంటుంది. కొట్టతను నాలుగేళ్ళవాడు. లేత అంటే ఏమిటో వాడికి తెలియదు. తెలియనట్టు కూడా ఉండడు, కొట్టు యజమాని కదా. "లేతవేనండీ" అంటాడు. "ఏదీ, కొస విరిచి చూస్తాను. అబ్బే, విరగడం లేదే, ఇది ముదిరిపోయింది." అంతే. లేత, ముదురు అనే రెండు మాటలు ఆ పూట వాడి సొత్తు. మర్నాడు అందరికీ ముదురు బెండకాయలు అంటగడతాడు. ఇంట్లో నువ్వు, రా, పో అని తప్ప అనని పిల్లవాడు కొట్టులో కూర్చునేసరికి "రండి, తీసుకోండి" అంటాడు. ఎవరితో ఎలా మాట్లాడాలో పాఠం చెప్పి నేర్పలేం, వేషం వేయించి నేర్పగలం.

పిల్లవాడు తప్పు మాట్లాడితే దిద్దాలా అని తల్లులు అడుగుతారు. "మామయ్య వచ్చింది" అన్నాడనుకోండి. "వచ్చింది కాదు, వచ్చాడు అను, ఏదీ మళ్ళీ అను" అంటే వాడు చెప్పదలచుకున్న కబురు అక్కడే చచ్చిపోతుంది. "అలాగా, మామయ్య వచ్చాడా! ఏం తెచ్చాడు?" అంటే సరైన మాట చెవిన పడింది, కబురు కూడా ముందుకు నడిచింది. ఈ పద్ధతి మంచి టీచర్లందరికీ తెలిసినదే, మన అమ్మమ్మలకు ఎవరూ చెప్పకుండానే తెలిసినది. అలాగే ప్రశ్న వేశాక ఆగాలి. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టేంత సేపు. చాలామంది పెద్దలు రెండు అనేసరికే జవాబు వాళ్ళే చెప్పేస్తారు. "ఇదేం రంగు? అదేం పండు?" అని పరీక్షల ప్రశ్నలు వేస్తే ఒక్క మాట జవాబు వస్తుంది. "ఈ బస్సు ఎందుకు ఆగిపోయింది?" అనండి, కథ వస్తుంది.

మాట్లాడని పిల్లవాడి సంగతి ఒకటి చెప్పాలి. ఒక బడిలో నాలుగేళ్ళ బాబు చేరి రెండు నెలలైనా పెదవి విప్పలేదు. ఇంట్లో గలగలా మాట్లాడతాడని తల్లి చెప్పింది. విచారిస్తే తేలింది ఏమిటంటే, బడిలో తెలుగు మాట్లాడకూడదని వాడికి ఇంట్లో గట్టిగా చెప్పి పంపారు. ఇంగ్లీషు రాదు, తెలుగు కూడదు, ఇక మిగిలింది మౌనమే. టీచరు వాణ్ణి ఏమీ అడగలేదు. బస్సు ఆటలో కుర్చీలు వరసగా వేసి, కండక్టరు సంచి వాడి భుజాన వేసింది. మొదటి రోజు చీటీలు చింపి ఇచ్చాడు, అంతే. నాలుగో రోజో ఐదో రోజో ఒక పాప చీటీ తీసుకోకుండా కూర్చుంటే, "టికెట్, టికెట్! ముందుకు జరగండి!" అని వాడు అరిచిన అరుపుకు పక్క గదిలో పిల్లలు వచ్చి చూశారు. తన నోటితో తాను మాట్లాడటానికి వాడికి భయం. కండక్టరు నోటితో మాట్లాడటానికి భయం లేదు.

ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. రెండు భాషలు విన్నంత మాత్రాన పిల్లల బుర్ర చెడదు, మాట రావడం ఆగదు. మద్రాసులోనూ బెంగుళూరులోనూ పెరిగే మన తెలుగు పిల్లలు వీధిలో ఒకటి, ఇంట్లో ఒకటి హాయిగా మాట్లాడటం లేదూ? చిక్కు ఎక్కడంటే, తనకు బాగా రాని భాషలోనే మాట్లాడాలని తల్లి పంతం పట్టినప్పుడు. అప్పుడు ఇంట్లో కథ ఆగిపోతుంది, వేళాకోళం ఆగిపోతుంది, "కమ్, ఈట్, సిట్" మిగులుతాయి. ఒక భాషలో కథ చెప్పడం వచ్చిన పిల్లవాడు రెండో భాషలో మాటలు ఏరుకుంటే సరిపోతుంది. ఏ భాషలోనూ కథ చెప్పడం రానివాడికి రెండు పనులు.

ఇదంతా పాశ్చాత్యుల నుంచి దిగుమతైన కొత్త మోజు అనుకోకండి. గుజరాతులో గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం పెట్టింది 1920లో. కథ, ఆట లేకుండా పిల్లల బడి లేదని ఆయన నమ్మకం. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ తరువాత 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ గ్రామంలో అనూతాయి వాఘ్‌తో కలిసి బాలవాడి నడిపింది. ఖరీదైన పరికరాలు లేవు. ఆకులు, గులకరాళ్ళు, పుల్లలు, గవ్వలు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ పేట ముంగిట్లోకి తీసుకువెళ్ళారు. ముంగిలిని వాళ్ళు అంగణ్ అంటారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో మన ఊళ్ళకు వచ్చిన అంగన్‌వాడీ అనే పేరులో ఉన్నది ఆ ముంగిలే. మరియా మాంటిసోరి 1939లో మద్రాసుకు వచ్చి అడయారులో ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆ మహాతల్లికి మాత్రం ఈ ఉత్తుత్తి వంటలంటే అంత ఇష్టం లేదు, పిల్లల చేత నిజం పనులే చేయించాలన్నది. చిక్కుడుకాయలు ఈనె తీయించడం మంచిదే, కాదనను. కాని ఉత్తుత్తి వంటలో వచ్చినన్ని మాటలు నిజం చిక్కుడుకాయల దగ్గర రావడం నేను చూడలేదు. 2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా తీసుకుని, ఆట ద్వారానే చదువు సాగాలని చెప్పింది. కాగితం మీద మాట గదిలోకి రావడానికి గేటు దగ్గర మనం అడిగే ప్రశ్నలు కూడా కొంత అడ్డు.

మరి అక్షరాలో అంటారా? వాటికీ ఆటలోనే దారి ఉంది. మన లిపిలో అక్షరానికి అక్షరం ఒక ధ్వని ముక్క. "గు-మ్మ-డి" అని మూడు చప్పట్లు, "కా-కి" అని రెండు చప్పట్లు. పిల్లలందరి పేర్లూ ఇలా చప్పట్లతో పలికిస్తే, మాటను ముక్కలు చేయవచ్చని చెవికి తెలుస్తుంది. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప ఆడినప్పుడు మన చేతులూ కాళ్ళూ చేసిన పని ఇదే. తన పేరు మొదటి ముక్కతో ఇంకేమేం మాటలు వస్తాయో వెతికే ఆట పట్టుబడ్డ పిల్లవాడికి ఐదో ఏట, ఆరో ఏట అక్షరం చూపిస్తే, ఓహో నువ్వేనా అన్నట్టు గుర్తుపడతాడు. సెల్‌ఫోనులో పాటలు వింటే ఇది రాదా అంటే, ఫోను మాట్లాడుతుందే కాని వీడు చెప్పేది వినదు, వీడి జవాబు కోసం ఆగదు.

ఆటతోనే అన్నీ సర్దుకుంటాయని కూడా కూర్చోకూడదు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపని పిల్లవాణ్ణి, మూడేళ్ళు దాటినా పైవాళ్ళకు బొత్తిగా అర్థం కాకుండా మాట్లాడే పిల్లవాణ్ణి, వచ్చిన మాటలు పోగొట్టుకుంటున్న పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించండి. ముందు చెవులు పరీక్ష చేయించండి. వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు అని అత్తగారు అన్నా సరే, చూపించండి. మూడు నాలుగేళ్ళప్పుడు కొందరు పిల్లలు మాట తడబడతారు, మొదటి అక్షరమే పదేపదే అంటారు. చాలామందికి అది దానంతటదే పోతుంది. తొందరపెట్టకుండా, వెక్కిరించకుండా వాక్యం పూర్తయ్యేదాకా వినండి. నెలలు గడిచినా తగ్గకపోతే, వాడు మాట్లాడటానికే జంకుతుంటే, అప్పుడు నిపుణులను అడగండి.

బడి చూడటానికి వెళ్ళినప్పుడు గోడల మీద రంగు బొమ్మలు కాదు, చెవి పెట్టి చూడండి. పిల్లల గొంతులు వినిపిస్తున్నాయా, టీచరు గొంతు ఒక్కటే వినిపిస్తోందా? బొమ్మలు పిల్లల చేతికి అందేంత ఎత్తులో ఉన్నాయా, అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయా? సాయంత్రం ఇంటి దగ్గర "ఏం చెప్పారు" అనడానికి బదులు, "ఇవాళ అమ్మ ఎవరు? ఏం వండారు? చుట్టాలెవరైనా వచ్చారా?" అని అడిగి చూడండి. జవాబు ఒక్క మాటతో తేలదు.

ఇక ఆ ఆటల మూలకు కావలసిన సరంజామా చాలావరకు మీ అటక మీదే ఉంది. పాత చీర సగానికి చింపితే పిల్లలకు చీర అవుతుంది, తలపాగా అవుతుంది, గుడారమవుతుంది. ఖాళీ అగ్గిపెట్టెలు, టీ పొడి డబ్బాలు, పెళ్ళి శుభలేఖలు, పాడైపోయిన టెలిఫోను, చేతిసంచి, అద్దాలు తీసేసిన కళ్ళజోడు ఫ్రేము, ఇవన్నీ కడిగి, తుడిచి బడికి పంపండి. రేకు డబ్బాల అంచులు చేతికి కోసుకోకుండా చూడండి. పాత రిమోటు, గడియారం వంటివి పంపితే లోపలి బ్యాటరీలు తీసేసి పంపండి, ముఖ్యంగా బొత్తాం లాంటి గుండ్రటి చిన్న బ్యాటరీలు. పిల్లవాడు మింగాడంటే ప్రాణం మీదికి వస్తుంది. చింతగింజలు, గురిగింజలు మాత్రం వద్దు. మూడేళ్ళవాళ్ళు వాటిని ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు, గురిగింజ అయితే విషం కూడా.